చిలుము జాగ్రత్త

యానాంలో ఎవరైనా నమ్మలేని మాట చెబితే "సామ్యేలు గిన్నెలే" అని నవ్వుతారు. సామ్యేలు పోయి నలభై ఏళ్లు దాటింది. ఆ గిన్నె నేను చూశాను. ఐదు రోజులు నా దగ్గర ఉంది.

మాది ద్రాక్షారామం. కంచరి పని. మా నాన్న కంచు పోసేవాడు, ఇత్తడి గిన్నెల లోపల తగరంతో కళాయి వేసేవాడు. నేనూ అదే చేశాను. స్టీలు వచ్చాక గిన్నెల పని పోయింది. ఇప్పుడు గుడి దగ్గర కొట్లకు చేతిగంటలు పోసి ఇస్తాను. ఎప్పుడైనా ఒక దీపపు సెమ్మె. కొలిమి వెలిగించని రోజులే ఎక్కువ.

పోయిన అక్టోబరులో ఒక పొద్దున, వాన వెలిశాక, స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. ముందు ఆరేళ్ల పిల్ల నిలబడి ఉంది. ఆయన భుజానికి సంచి, సంచిలో తువ్వాలు మూట.

"అప్పాజీ ఆచారి గారంటే మీరేనాండి?"

తల ఊపాను.

"నా పేరు శాంతికుమార్ అండి. యానాం. స్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఇది మా మనవరాలు బన్నీ. మీరొక్కరే చెయ్యగలరని చెప్పారండి."

మా ఆవిడ వీరమ్మ కుర్చీ తెచ్చి వేసింది. "కూర్చోండి బాబూ. ఆయన మాట్లాడట్లేదని ఏమనుకోకండి. మా ఆయనకి మాటలు కొనుక్కోవాలి, ఊరికే రావు," అంది. ఆయన నవ్వాడు. తువ్వాలు విప్పాడు.

అలాంటి గిన్నె నేను చూడలేదు. జానెడు ఎత్తు ఉంది. మూడు కాళ్లు, కత్తి మొనల్లా కిందికి సన్నబడుతూ ఉన్నాయి. పైన ఒక పక్కకి కాలవలాగా పొడుగాటి మూతి, రెండో పక్కకి తోకలాగా కొస. అంచు మీద రెండు చిన్న స్తంభాలు, వాటికి గొడుగుల్లాంటి టోపీలు. పక్కన ఒక పిడి. నిలువెల్లా చిలుము. పచ్చది, నీలంది, అడుగున మట్టి రంగుది, పొర మీద పొర. ఒక కాలు విరిగి విడిగా ఉంది.

చేతిలోకి తీసుకుని తిప్పాను. బరువు చూశాను. గోటితో కొట్టి విన్నాను. ఒంటి మీద సన్నటి అతుకు గీతలు కనబడ్డాయి. మేము మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి మెత్తి, మైనం కరిగించి పోస్తాం. అలా పోస్తే గీత ఉండదు. ఇది మట్టి అచ్చు ముక్కలుగా చేసి, ముక్కలు చేర్చి కట్టి పోసింది. అంత సన్నటి గోడ అలా పొయ్యడం నా వల్ల కాదు. మా నాన్న వల్ల కూడా కాదు.

"చైనాదండి," అన్నాడు శాంతికుమార్. "మూడు వేల ఏళ్లదంట. మా తాత సామ్యేలు సైగాన్‌లో ఫ్రెంచి వాళ్ల కింద పోలీసుగా చేశాడండి. అక్కడ గొడవలయ్యాయి. వీధిలో తుపాకులు పేలుతుంటే ఒక చైనా షావుకారు తండ్రి ఇంట్లో పోయాడంట. మొయ్యడానికి ఎవడూ రాలేదు. మా తాత భుజం పట్టాడు. ఆ షావుకారు తర్వాత ఇది తెచ్చి చేతిలో పెట్టాడంట. మా పెద్దలకి మద్యం పోసే గిన్నె, మా నాన్నని మోశావు కాబట్టి ఇది నీది అన్నాడంట."

"నమ్మేలా ఉంది బాబూ," అంది వీరమ్మ.

"మీరు నమ్మారు. యానాంలో ఎవడూ నమ్మలేదండి. సైగాన్ సంతలో కొనుక్కొచ్చి కథ కట్టాడన్నారు. కొందరు కాజేశాడన్నారు. చిన్నప్పట్నుంచి నన్ను సామ్యేలు గిన్నె మనవడనే పిలిచారండి. మా బావ ప్రేమ్ కుమార్ ఉన్నాడు, వైన్ షాపు. వాడైతే పెళ్లిళ్లలో కూడా వదల్డు."

సోమవారం నాడు ఒక మ్యూజియం నుంచి సారిక అనే అమ్మాయి వస్తోందని చెప్పాడు. చైనాలో రెండేళ్లు ఇలాంటి వాటి చదువే చదువుకుందట. చూసి, ఇది నిజమైన పాతదే అయితే కాగితం మీద రాసిస్తుంది. పది రోజుల కింద బీరువా మీంచి గిన్నె జారి కాలు ఊడింది.

"ఆ అమ్మాయికి కుంటి గిన్నె చూపిస్తే ఏం బాగుంటుందండి. తాత మాట నిజమని ఒక్క కాగితం. అంతకంటే నాకేం వద్దు."

అప్పుడు నేను ఒక్క ప్రశ్న అడిగాను.

"దీంట్లో ఏమైనా పోస్తారా?"

"ఏడాదికోసారండి. నవంబరు రెండు, సమాధుల పండక్కి. మా తాత అలవాటు. సమాధి దగ్గర దీంట్లో వైన్ పోసి, కాస్త మట్టిలో వంపి, మిగతాది ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ల చేత ఒక గుక్క తాగిస్తాం. ఇప్పుడు ఇదే మా ఇంట్లో చిన్నది."

"పోయినేడు నేను వాంతి చేసుకున్నాను తాతా," అంది బన్నీ నాతో. "రూపాయి బిళ్ల నోట్లో పెట్టుకున్నట్టు ఉంది."

"వైన్ పడలేదండి దీనికి," అని ఆయన నవ్వాడు.

నేను గిన్నె లోపలికి చూశాను. అడుగంతా పచ్చగా ఉంది.

ఆయన లేచి స్కూటర్ స్టార్ట్ చేసి, పిల్లని ముందు ఎక్కించుకుని, వెనక్కి తిరిగి అన్నాడు. "కాలు అతికితే చాలండి. చిలుము మాత్రం జాగ్రత్తండి, ఆచారి గారూ."

సరేనన్నట్టు తల ఊపాను.

నాకొక చెల్లెలు ఉండేది. నేను మూడో క్లాసులో ఉన్నాను, దానికి ఐదేళ్లు. మా నాన్న కళాయికి ఊళ్ల మీద పోయాడు. ఇంట్లో ఇత్తడి గిన్నెకు కళాయి పోయి నెలలైంది. చేద్దాం చేద్దామని వాయిదా పడింది. అమ్మ అందులో చింతపండు పులుసు పెట్టింది. రాత్రి మిగిలింది పొద్దున్నే చెల్లెలు అన్నంలో కలుపుకుంది. గిన్నె అంచున పచ్చగా ఉందని తర్వాత చూశారు. సాయంత్రానికి పిల్ల లేదు. మా నాన్న తిరిగొచ్చి ఎవరినీ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నన్ను బడి మాన్పించి సంచి మోయించాడు. గిన్నెలో పచ్చ కనబడితే ఇంటివాళ్లు అడిగినా అడక్కపోయినా తియ్యాలి, తాగేది తినేది అయితే లోపల కళాయి పెట్టందే ఇవ్వకూడదు. ఆ మాట ఆయన ఒక్కసారే చెప్పాడు.

కాలు అతకడానికి గంట చాలు. గిన్నెకు నాలుగు రోజులు పట్టింది.

మొదటి రోజు చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి ముంచి పెట్టాను. వీరమ్మ వచ్చి చూసింది.

"కాలే కదండీ అతకమంది."

"చిలుము జాగ్రత్త అన్నాడు."

"అంటే తియ్యమనా? ఒకసారి ఫోన్ చేసి అడక్కపోయారా? నెంబరు రాసిచ్చాడు కదా."

"పిల్ల తాగుతుంది," అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. మా చెల్లెలి సంగతి ఆవిడకి తెలుసు. నెంబరు కాగితం గోడకి గుచ్చి ఉంది. నేను దాని వంక చూశాను కూడా.

రెండో రోజు, మూడో రోజు ఇటుక పొడితో, కొబ్బరి పీచుతో తోమాను. మొండి చిలుము. పైది పోతే కింద ఎర్రటి పొర, అది పోతే ఇంకో పచ్చ. పిడి కింద వేలు దూరదు, పుల్లకి గుడ్డ చుట్టి తోమాను. అక్కడ రెండు గుర్తులు బయటపడ్డాయి. పోతలోనే వచ్చిన గుర్తులు, చెక్కినవి కావు. ఒంటి మీద మెలికల పని, రెండు కళ్లు, ఏదో మృగం మొహం. ఎవడో పోశాడు. వాడికీ పొగ పట్టి కళ్లు మండి ఉంటాయి. తోముతున్నంతసేపూ వాడితో పని చేస్తున్నట్టే ఉంది. అంత సంతోషంగా పని చేసి నాకు చాలా ఏళ్లయింది. ఆ మాట ఇప్పుడు చెప్పుకోవడం సిగ్గుగా ఉంది.

నాలుగో రోజు కొలిమి వెలిగించాను. కళాయి ముందు, కాలు తర్వాత. కాలు ముందు అతికితే కళాయి వేడికి ఊడొస్తుంది. ముసలి లోహం, వేడికి చిట్లుతుందేమోనని మంట తగ్గించి కాచాను. పూత పట్టడానికి నవాసారం చల్లి, తగరం రాసి, దూదితో తిప్పాను. లోపలంతా వెండిలా పట్టింది. అప్పుడు ఒంటికి తడి గుడ్డ చుట్టి కాలుకి టంకం వేశాను. అతుకు ఎక్కడో నేను చెబితే తప్ప తెలియదు. బల్ల మీద పెడితే మూడు కాళ్ల మీద కదలకుండా నిలబడింది.

వీరమ్మ చూసి, "పెళ్లికొడుకులా ఉందండీ," అంది.

శాంతికుమార్ ఆదివారం సాయంత్రం వస్తానన్నాడు. ఆదివారం మధ్యాహ్నమే మా గుమ్మం ముందు కారు ఆగింది. సారిక ఒకరోజు ముందే వచ్చేసిందట. ముప్ఫై ఏళ్లుంటాయి ఆ అమ్మాయికి, నెమ్మదిగా ఉంది. శాంతికుమార్ ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. ఇంకొకాయన దిగాడు, మెడలో గొలుసు, చేతిలో రెండు ఫోన్లు.

"మా బావండి, ప్రేమ్ కుమార్," అన్నాడు శాంతికుమార్. "తనూ చూస్తానన్నాడు. చూడనివ్వండి, తన కళ్లతోనే చూడనివ్వండి."

"నా షాపులో సీసాకున్నంత వయసు కూడా మీ తాత గిన్నెకి ఉండదురా శాంతీ. పందెం," అన్నాడు ప్రేమ్ కుమార్.

నేను లోపలికెళ్లి గిన్నె తెచ్చాను. శుభ్రమైన పంచెలో చుట్టి ఉంచాను. బల్ల మీద పెట్టి పంచె తీశాను.

కిటికీలోంచి ఎండ దాని మీద పడింది. మెరిసింది.

సారిక దగ్గరికి వచ్చి, చేతులకు తెల్లటి తొడుగులు తొడుక్కోబోయి, ఆగి, మళ్లీ బ్యాగులో పెట్టేసింది. అది చూశాక నాకు ఏదో తప్పు జరిగిందని అర్థమైంది.

"మీరు పంపిన ఫోటోలో ఉన్నది ఇదేనాండి?" అంది శాంతికుమార్‌తో.

ఆయన నావైపు చూశాడు. మొహంలో రంగు లేదు. "ఆచారి గారూ, మీతో చెప్పాను కదండీ. చిలుము జాగ్రత్త అని."

"అందుకే తీశానండి."

పాము జాగ్రత్త అంటాం. పిల్ల జాగ్రత్త అంటాం. నేను పాము అనుకున్నాను. ఆయన పిల్ల అనుకున్నాడు.

ప్రేమ్ కుమార్ ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు.

సారిక కూర్చుంది. గిన్నెని భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. "దీన్ని జ్వే అంటారండి," అంది నాతో, నేను అడక్కపోయినా. "కొర్రలతో చేసిన మద్యం ఇందులో పోసి, నిప్పుల మీద ఈ కాళ్లతో నిలబెట్టి వేడి చేసి, చనిపోయిన పెద్దలకి పోసేవాళ్లు. ఈ స్తంభాలు ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలీదు."

"పట్టకారుకి," అన్నాను. "నిప్పుల్లోంచి ఎత్తాలి కదమ్మా."

ఆ అమ్మాయి నావైపు చూసి ఏదో రాసుకుంది. పిడి కిందకి టార్చి వేసి గుర్తులు చూసింది. శాంతికుమార్ ముందుకి వంగాడు.

"ఏం రాసుందమ్మా?"

"మొదటిది 'నాన్న' అని ఉందండి. రెండోది పోయాక ఆయన్ని పిలిచే పేరు, వాళ్ల రోజుల లెక్కలో ఒక రోజు పేరు. నాన్న కోసం చేయించుకున్న గిన్నె."

శాంతికుమార్ రెండు చేతులూ మొహం మీద పెట్టుకున్నాడు. "మా తాత చెప్పింది అదే కదమ్మా. మా నాన్నని మోశావు అన్నాడంట. మా తాతకి ఈ అక్షరాలు ఎలా తెలుస్తాయి, చిలుము కింద ఉన్నాయి కదా. ఇది చాలదా?"

"చాలదండి." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "దొంగ గిన్నెలు చేసేవాళ్లు కూడా ఈ అక్షరాలే వేస్తారు. అక్షరం గాడిలో చిలుము ఉంటే, అది పొరలు పొరలుగా లోహంలోంచి పుట్టిందైతే, అదండి సాక్ష్యం. దాన్ని ఎవరూ చెయ్యలేరు. లోపల అడుగున పాత మద్యం మడ్డి ఏమైనా ఉంటే పరీక్షకి పంపేవాళ్లం. ఇప్పుడు లోపల తగరం ఉంది."

"కళాయి దింపేస్తానమ్మా," అన్నాను. "గంట పని."

"వద్దండి. ఇంకేం చెయ్యకండి."

"ఇది పాతదేనమ్మా."

"ఎలా చెప్తున్నారండి?"

"పోత చూశాను. మట్టి ముక్కల అచ్చు. గోడ మందం చూశాను. చెయ్యికి తెలుస్తుంది."

"నాకూ అలాగే అనిపిస్తోందండి," అంది. "కానీ అలా అనిపిస్తోందని రాసి సంతకం పెట్టలేను. అలాంటి అచ్చులు అక్కడ ఇప్పుడు కూడా చేస్తున్నారు."

"మీరేం చదువుకున్నారండి?" అని అడిగాడు ప్రేమ్ కుమార్ నన్ను.

"మూడు."

"మూడు డిగ్రీలా?"

"మూడో క్లాసు."

"ఇంకేంరా శాంతీ, రాయించుకో. మూడో క్లాసు సర్టిఫికెట్." అని, తనకే బాగోలేదనిపించిందో ఏమో, బయటికెళ్లి కారు పక్కన నిలబడ్డాడు.

శాంతికుమార్ గిన్నెని పంచెలోనే చుట్టుకున్నాడు. నా పంచె. వీరమ్మ మంచినీళ్లు తెస్తే తాగలేదు. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఒక్క మాట అడగొచ్చు కదండీ. ఒక్క మాట. ఫోన్ నెంబరు ఇచ్చాను."

మీరే చెప్పొచ్చు కదా అని నాకూ ఉంది. తియ్యొద్దు అని రెండు ముక్కలు చెబితే అయిపోయేది. అనలేదు. పిల్ల వాంతి సంగతీ అనలేదు, మా చెల్లెలి సంగతీ అనలేదు. ఆయన కారెక్కాడు.

వీరమ్మ గోడకి గుచ్చిన కాగితం తీసి నా ముందు పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నవంబరు రెండున బస్సెక్కి యానాం వెళ్లాను. ఎందుకని వీరమ్మ అడిగితే చెప్పలేదు, నాకూ సరిగ్గా తెలియదు. ఒక్కటి మాత్రం అనుకున్నాను. కాగితం రాకపోతే రాకపోయింది, ఈ ఏడు పిల్ల ఆ గిన్నెలో తాగితే వాంతి చేసుకోదు. అది కళ్లతో చూసి వచ్చేద్దామనుకున్నాను.

సమాధుల దొడ్డి నిండా జనం. కొవ్వొత్తులు, బంతిపూలు, సున్నం వాసన. టీ బండి దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకడు ఏదో చెబితే రెండోవాడు, "సామ్యేలు గిన్నెకి కళాయి వెయ్యకురా," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. వారంలోనే మాటకి తోక మొలిచింది. ఆ తోక నేను పెట్టింది.

సామ్యేలు సమాధి గోడ పక్కనే ఉంది. శాంతికుమార్, ఆయన వాళ్లు, బన్నీ ఉన్నారు. ప్రేమ్ కుమార్ కూడా వచ్చాడు, సీసా మూత తీసి ఇచ్చింది ఆయనే. శాంతికుమార్ సీసా వంచాడు. వైన్ స్టీలు గ్లాసులో పడింది.

మామూలు స్టీలు గ్లాసు. ఇంట్లో మంచినీళ్లకి వాడేది. కొంచెం మట్టిలో వంపి, మిగతాది పిల్లకి ఇచ్చాడు. పిల్ల తాగి మొహం చిట్లించింది. వాంతి చేసుకోలేదు. స్టీలుకి చిలుము పట్టదు.

బన్నీ నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. "ఆచారి తాతా, మీ గిన్నె మా పెరట్లో పెట్టారు. వానలో. మళ్లీ పచ్చబడాలంట. నన్ను ముట్టుకోవద్దన్నారు."

వెనకాలే శాంతికుమార్ వచ్చాడు. గెడ్డం గీసుకోలేదు. నన్ను చూసి కోప్పడలేదు. అటూ ఇటూ చూసి, దగ్గరికి వచ్చి, చిన్నగా అడిగాడు.

"ఆచారి గారూ. చిలుము పట్టించడం మీకు వచ్చాండి?"

నేను ఆయన మొహం చూశాను.

"ఆ అమ్మాయి కాకపోతే ఇంకొకరు వస్తారండి. ఇంకో మ్యూజియం. ముందులా కనబడితే చాలు. మీ చేతుల్లో పోయింది, మీరే తెప్పించాలి. మా తాత అబద్ధమాడలేదండి. అది నిజం గిన్నె. నిజందానికే కదా చేసేది."

నాకు వచ్చు. ఉప్పు, నవాసారం, పుల్లటి నీళ్లు. తడి మట్టిలో నెల రోజులు పాతిపెడితే అచ్చం అలాగే పచ్చబడుతుంది. దేవుడి విగ్రహాలు పాతవని చెప్పి అమ్మేవాళ్లు చేసే పనే. మా నాన్న దగ్గరికి కూడా అలాంటివాళ్లు వచ్చేవారు, ఆయన నీళ్లయినా ఇవ్వకుండా పంపేవాడు. అలా చేస్తే పట్టేస్తారు. ఆ రోజు నుంచి అది సంత సరుకే అవుతుంది, సామ్యేలు అబద్ధాలకోరే అవుతాడు. ఇంత మాటా ఆయనకి చెప్పాలి. ఇదివరకు చెప్పనందుకే ఇంత జరిగింది.

"రాదండి," అన్నాను.



"మరి మీకేం వచ్చండి," అన్నాడు. పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు.

బస్సు స్టాండు దాకా నడిచాను. చినుకులు మొదలయ్యాయి. ఆ పెరటి మీద కూడా పడుతూ ఉంటాయి. లోపల కళాయి గట్టిగా పెట్టాను, అక్కడికి చిలుము రాదు. అతికిన కాలు దగ్గర మాత్రం, రెండు లోహాలు కలిసేచోట, ముందు పట్టుకుంటుంది.